తలంబ్రాల ఫోటో చెడింది కెమెరా వల్లేనా?

అనంతపురం నుంచి ఒక తమ్ముడు రాసినాడు. పేరు వద్దు, ఏ వీధో కూడా వద్దు అన్నాడు. ఉత్తరం చాలా పెద్దది, అసలు సంగతి మాత్రం ఇక్కడ చెప్తా.

వయసు 29. ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్, జీతం 24 వేలు. భార్య ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, చీరలకు ఫాల్, పీకో వేస్తుంది, మూడేళ్ల పాప ఉంది. నాలుగేళ్ల కింద నికాన్ డి5600 కొన్నాడు, దాంతో పాటు కిట్‌గా వచ్చిన 18-55, దూరంవి తీసే 70-300 లెన్సులు రెండూ ఉన్నాయి. ఆదివారం వస్తే ఆరేడుమంది కలిసి లేపాక్షి అనీ గండికోట అనీ వీరాపురం కొంగలనీ పోతారు, తిరిగొచ్చినాక టవర్ క్లాక్ దగ్గర టీ కొట్టులో కూర్చుని ఏ కెమెరా గొప్ప అని రెండు గంటలు కొట్టుకుంటారు. ఆ గ్రూపుకు పెద్దదిక్కు ఒక రిటైర్డ్ డ్రాయింగ్ సార్. మన తమ్ముడికి కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే, ఇతని నాన్న పోయినప్పుడు రాత్రంతా ఇంటి ముందు బల్ల మీద కూర్చున్నది కూడా ఆయనే.

ఈమధ్య బావమరిది పెళ్లి అయింది. అత్తగారింటోళ్లు "మా అల్లుడున్నాడు కదా" అని వీడియో అతన్ని మాత్రం పెట్టుకుని ఫోటోల పని ఇతనికే అప్పజెప్పినారు. ముహూర్తం తెల్లవారుజామున, మండపంలో వెలుతురు అంతంత మాత్రం, తలంబ్రాల ఫోటోలు దాదాపు నలభై, అన్నీ బ్లర్. అత్తగారు ఏమీ అనలేదు, భార్య "పోనీలే" అనింది. డ్రాయింగ్ సార్‌కు చూపిస్తే "క్రాప్ సెన్సర్‌తో పెళ్లి తీస్తే ఇంతేరా, ఫుల్ ఫ్రేమ్ కావాల" అన్నాడు (సెన్సర్ అంటే కెమెరా లోపల ఫోటో పడే పలక, ఇతని దాంట్లో ఉన్న చిన్నది క్రాప్, పెద్దది ఫుల్ ఫ్రేమ్), వారం తిరక్కుండా తన ఫుల్ ఫ్రేమ్ కెమెరా నికాన్ డి750, 24-120 లెన్సు కలిపి 82 వేలకు ఇస్తా, బయట అయితే ఇంకా ఎక్కువకు పోతుంది అని చెప్పినాడు. ఇతను పదివేలు బయానా ఇచ్చేసినాడు, ఇంట్లో చెప్పలేదు.

డబ్బు ఎక్కడిదంటే చీటీది. నెలకు 5 వేలు, 40 నెలల చీటీ, 17వ నెలలో పాట పాడితే 1,52,000 చేతికొచ్చింది. చీటీ భార్య పేరు మీద ఉంది, ఆ డబ్బుతో సాయినగర్ వైపు చిన్న రూము బాడుగకు తీసుకుని ఓవర్‌లాక్ మిషన్ ఒకటి కొనాలని ఆమె అనుకుంటోంది. ఇంతలో ధర్మవరంలో చుట్టాల పెళ్లి ఒకటి వచ్చింది, ఫోటోలకు 20 వేలు ఇస్తామంటున్నారు. గ్రూపులో ఒకడు డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే ఇతని లాంటి కెమెరా) చచ్చిపోయింది, మిర్రర్‌లెస్ (అద్దం లేని కొత్తరకం) తీసుకో, బిల్లు లేకుండా బెంగళూరులో తక్కువకు ఇప్పిస్తా అంటాడు, ఇంకొకడు ఇవన్నీ వద్దు 50 ఎంఎం 1.8డి పాతది ఆరేడు వేలకు దొరుకుతుంది అంటాడు. గండికోటలో తీసిన సూర్యోదయం ఫోటోకు కూడా సార్ "షార్ప్‌నెస్ లేదు" అన్నాడంట, అది కూడా మనసులో పెట్టుకున్నాడు. ఏది కొనాలి, సార్‌కు వద్దని ఎట్లా చెప్పాలి, బయానా సంగతి ఇంట్లో చెప్పాలా వద్దా, ఇవీ ప్రశ్నలు.

తమ్ముడూ, తెలిసి చేసినావో తెలియక చేసినావో గానీ ఉత్తరంలో నువ్వు ఒక మంచి పని చేసినావు. చెడిపోయిన ఫోటో సెట్టింగులు మొత్తం రాసినావు. 55 ఎంఎం, ఎఫ్ 5.6, షట్టర్ 1/25, ఐఎస్ఓ 1600. తెలియనివాళ్లకు చెప్తా, ఎంఎం అంటే లెన్సు ఎంత దగ్గరికి లాగుతుందో (ఫోకల్ లెంగ్త్), ఎఫ్ అంటే లెన్సు కన్ను ఎంత తెరుచుకుందో, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ, షట్టర్ అంటే ఎంతసేపు తెరిచి ఉందో, ఐఎస్ఓ అంటే పడిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో. పక్కన "ఐఎస్ఓ 1600 దాటనీయొద్దని సార్ చెప్పినాడు" అని కూడా రాసినావు. నాకు సగం జవాబు అక్కడే దొరికింది, అందుకే నీ డబ్బు సంగతి, సార్ సంగతి తర్వాత, ముందు ఈ నాలుగు అంకెలు చూద్దాం.

తలంబ్రాలు పోసేటప్పుడు ఇద్దరూ నవ్వుతా పోటీపడి చేతులు ఎత్తి పోస్తారు, చుట్టూ ఆడపిల్లలు అరుస్తుంటారు, బియ్యం గింజలు గాల్లో ఎగురుతుంటాయి. దాన్ని సెకనులో ఇరవై ఐదో వంతు సేపు షట్టర్ తెరిచి పట్టుకుంటే ఏ కెమెరా అయినా అంతే, లక్షన్నర పెట్టి కొన్నా అంతే. నీ లెన్సులో వీఆర్ ఉంది కదా అంటావేమో, వీఆర్ నీ చెయ్యి వణుకును ఆపుతుంది, పెళ్లికొడుకు చెయ్యిని ఆపదు. నువ్వు పంపిన మూడు ఫోటోల్లో వెనక అరటి బోదె నిలకడగా ఉంది, చేతులు, ముఖాలు మాత్రమే సాగినాయి చూడు. అది సెన్సర్ తప్పు కాదు, షట్టర్ చాలలేదు, అంతే.

ఇంక 1600 దాటొద్దన్న మాట. సార్ అబద్ధం చెప్పలేదు, ఆయన మొదట వాడిన డిజిటల్ కెమెరాల కాలంలో 1600 దాటితే నిజంగానే ఫోటో ఇసుక చల్లినట్టు అయ్యేది. నీ డి5600 మాత్రం 25,600 దాకా పోతుంది, అంతదాకా పొమ్మని నేను చెప్పను గానీ 6400 దగ్గర ధైర్యంగా వాడుకోవచ్చు, నాయిస్ (ఆ ఇసుక గింజలే) వస్తుంది, వస్తే రానీ. 12×36 కరిజ్మా పెళ్లి ఆల్బమ్‌లో ఒక పక్క పేజీ 12×18 అంగుళాలు, అంత సైజుకు ప్రింట్ వేస్తే ఆ గింజలు సగానికి సగం కనిపించవు, మిగిలినవి సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, బ్లర్‌ను మాత్రం ఎవడూ సరిచేసి ఇవ్వలేడు. ఐఎస్ఓ 1600 నుంచి 6400 అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపు అంటే రెండింతలు), అంటే నీ 1/25 కాస్తా 1/100 అయ్యేది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా.

ఇప్పుడు అదే మండపంలో సార్ డి750 నీ చేతిలో ఉందనుకో. 24-120 లెన్సు ఎఫ్ 4, నీ 5.6 కంటే ఒక స్టాపు మేలు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 ఎంఎం, నీది సుమారు 23.5×15.6, విస్తీర్ణంలో రెండింతలకు పైనే, దానివల్ల నాయిస్‌లో ఇంకో స్టాపు, కాస్త ఎక్కువే కలిసొస్తుంది. కలిపితే ఐఎస్ఓ 3200 పెట్టుకుని 1/100, ఫోటో మాత్రం నువ్వు 1600లో తీసినంత శుభ్రంగా ఉంటుంది. బాగుంది కదా, నిజంగా బాగుంది, నేను కాదనను. కానీ 1/100 కూడా తలంబ్రాలకు బొటాబొటి షట్టరే.

అదే నీ డి5600కే 35 ఎంఎం ఎఫ్ 1.8జి డీఎక్స్ (డీఎక్స్ అంటే నీలాంటి చిన్న సెన్సర్‌కు చేసింది) అనే చిన్న లెన్సు తగిలించినావనుకో, సార్ అడిగిన ధరలో చిన్న ముక్కకే వస్తుంది, వాడింది అయితే ఇంకా తక్కువ. 5.6ను 1.8తో భాగించి వర్గం చేస్తే 9.7 వస్తుంది, అంటే దాదాపు పది రెట్ల వెలుగు. 1/25 ఉన్నది అదే ఐఎస్ఓ 1600లో 1/250 దగ్గరికి పోతుంది. అయితే 1.8లో తీస్తే ఒక చిక్కు ఉంది, పెళ్లికూతురు కళ్లు ఫోకస్‌లో ఉంటే అరడుగు వెనక ఉన్న పెళ్లికొడుకు మెత్తబడతాడు, రేపు ఆల్బమ్ చూసి మా వాడి ముఖం ఎందుకిట్లుంది అని వాళ్ల అమ్మ అడుగుతుంది. కాబట్టి 2.8కి మూసి, ఐఎస్ఓ 3200 పెట్టుకో, 1/200 వస్తుంది. నన్ను అడిగితే తలంబ్రాలకు అదే సెట్టింగు.

నీ ఫ్రెండ్ చెప్పిన 50 ఎంఎం 1.8డి మాత్రం కొనొద్దు. చెడ్డ లెన్సు కాదు, చాలా మంచి లెన్సు, కానీ దాంట్లో ఫోకస్ మోటార్ ఉండదు, కెమెరా బాడీలోని మోటారే దాన్ని తిప్పాలి, నీ డి5600 బాడీలో ఆ మోటార్ లేదు. పెళ్లి మండపంలో చేత్తో తిప్పుకుంటా ఫోకస్ పట్టుకుంటావా? నీ బాడీకి ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పి అనో రాసుంటేనే ఆటో ఫోకస్ పనిచేస్తుంది, డి అక్షరం చూసి చవక అని ఎగబడి తర్వాత అమ్ముకోలేక ఏడ్చినవాళ్లను చూసినా. ఆ లెన్సు చెప్పినవాడి దగ్గర ఏ బాడీ ఉందో కనుక్కో, మోటార్ ఉన్న బాడీ అయ్యుంటుంది, వాడికి పనిచేసింది కాబట్టి నీకూ పనిచేస్తుందనుకున్నాడు పాపం. టీ కొట్టు దగ్గర జరిగే వాదనల్లో చాలావరకు ఇట్లే, ఎవడి కెమెరాకు తగిన సత్యం వాడు చెప్తాడు.

35 కొనాలా, మోటార్ ఉన్న 50 ఎంఎం 1.8జి కొనాలా అంటే అది నువ్వు నిలబడే చోటును బట్టి ఉంటుంది. నీ సెన్సర్ మీద 50 అంటే ఫుల్ ఫ్రేమ్ మీద 75 లాగా పనిచేస్తుంది, అంటే కాస్త వెనక్కి జరగాలి, వెనక్కి జరిగితే మధ్యలో వీడియో అతను, వాళ్ల మేనమామ, కొబ్బరికాయ పట్టుకున్న ఇంకొకాయన వచ్చి నిలబడతారు. 35 అయితే స్టేజీ అంచున మోకాళ్ల మీద కూర్చుని తీయొచ్చు. దూరం నుంచి ముఖాలు తీయడానికి 50 బాగుంటుంది, గౌరీపూజ అప్పుడు పెళ్లికూతురుది తీయాలంటే అదే. నువ్వు ఇప్పటిదాకా తీసిన పెళ్లి ఫోటోలన్నీ కంప్యూటర్‌లో వేసి ఏ ఫోకల్ లెంగ్త్‌లో ఎక్కువ తీసినావో చూసుకో, పదినిమిషాల పని, మా గ్రూపులన్నిటి వాదనల కంటే అదే నమ్మదగింది.

ప్రైమ్ లెన్సుకు, అంటే ఈ 35, 50 లాంటి జూమ్ లేనిదానికి, ఇంకో కష్టం ఉంది, అది కూడా చెప్పకపోతే నేను లెన్సు అమ్మేవాడిలాగా ఉంటా. మాటిమాటికీ లెన్సు మార్చాల్సి వస్తుంది. కోస్తావాళ్లు లెన్సు లోపల పట్టే ఫంగస్‌కు (బూజుకు) భయపడతారు, మన అనంతపురంలో తేమ యాడుంది, మనకు భయమంతా దుమ్ముతోనే. గండికోట అంచున గాలిలో లెన్సు విప్పినావంటే సెన్సర్ మీద దుమ్ము పడి ప్రతి ఫోటో ఆకాశంలోనూ అదే చోట నల్ల చుక్కలు కనిపిస్తాయి. విప్పేటప్పుడు కెమెరా ఆఫ్ చేసి, మౌంటు (లెన్సు తగిలించే నోరు) కిందికి చూసేట్టు పట్టుకుని, గాలికి వీపు పెట్టి మార్చుకో.

గండికోట అన్నాను కాబట్టి ఆ ఫోటో సంగతి కూడా అయిపోనీ. నువ్వు పంపింది చూసినా. సూర్యుడికి ఎదురు మూల పచ్చగా ఒక చుక్క ఉంది చూసినావా? అది కెమెరా కొన్నప్పుడు షాపులో "లెన్సుకు గీతలు పడకుండా" అని బిగించి ఇచ్చే యూవీ ఫిల్టర్ అనే అద్దం పని అని నా అనుమానం. అద్దం నాసిరకం అయితే వెలుగు సెన్సర్‌కూ అద్దానికీ మధ్య అటూ ఇటూ కొట్టుకుని ఆ చుక్క వస్తుంది, ఫోటో మొత్తం పాలు కలిపినట్టు తేలిపోతుంది కూడా, దాన్నే సార్ షార్ప్‌నెస్ లేదు అని ఉంటాడు. ఇంకోటి, నీ ట్రైపాడ్ పదిహేను వందలది అన్నావు, పెన్నా లోయ మీది నుంచి వచ్చే గాలికి అది వణక్కుండా ఎట్లుంటుంది? మధ్య కడ్డీ పైకి లాగొద్దు, దానికి నీ బ్యాగు వేలాడదీయి, స్టాండు మీద పెట్టినప్పుడు వీఆర్ ఆపు, 2 సెకన్ల టైమర్ పెట్టు, ఎఫ్ 8లో తీయి. ఎఫ్ 8 దగ్గర కిట్ లెన్సుకూ ఖరీదైన లెన్సుకూ తేడా చూపించమంటే మీ గ్రూపులో సగం మంది చూపించలేరు, ఫోన్లో వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలో అయితే ఎవరూ చూపించలేరు, అది ఎట్లాగూ కుదించి పంపుతుంది.

సరే, ఇప్పుడు నిజంగా డి750 కొనాలా వద్దా.

కొంటే నీకు వచ్చేవి మంచివే. నేను పైన లెక్క వేసింది చూసి అది దండగ అనుకోవద్దు. 2014లో వచ్చిన బాడీ అయినా ఇప్పటికీ పెళ్లిళ్లకు వాడేవాళ్లు ఉన్నారు. చీకట్లో ఫోకస్ పట్టడంలో నీ దానికంటే చాలా మేలు. బాడీలో మోటార్ ఉంది కాబట్టి నీ ఫ్రెండ్ చెప్పిన చవక డి లెన్సులు అప్పుడు పనికొస్తాయి. అన్నిటికంటే పెద్ద సంగతి కార్డు స్లాట్లు, దాంట్లో రెండున్నాయి, ప్రతి ఫోటో రెండు కార్డుల్లోనూ పడేట్టు పెట్టుకోవచ్చు, నీ దాంట్లో ఒకటే. చుట్టాల పెళ్లి ఊరికే తీస్తే కార్డు పోతే తిట్టి ఊరుకుంటారు, ధర్మవరంలో 20 వేలు తీసుకుని తీస్తే కార్డు పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్తావు? పెళ్లి ఫోటోలు వృత్తిగా చేయాలని ఉంటే రెండు స్లాట్ల బాడీ ఈరోజు కాకపోతే రేపైనా కావాల.

కొంటే పోయేవి కూడా ఉన్నాయి. పిక్సెళ్లు రెండింట్లోనూ 24 మిలియన్లే, అక్కడ పెరిగేదేమీ లేదు. నీ రెండు లెన్సులూ డీఎక్స్ లెన్సులు, అవి డి750కి తగిలిస్తే కెమెరా మధ్య భాగం మాత్రమే వాడుకుంటుంది, 24 కాస్తా సుమారు 10 మెగాపిక్సెల్ అవుతుంది. అంటే వీరాపురంలో కొంగలు తీసే నీ 70-300 ఇప్పటికంటే వెనక్కి పోతుంది, దానికి మళ్లీ ఫుల్ ఫ్రేమ్ టెలీ (దూరంవి తీసే లెన్సు) కొనాలి, 82 వేలతో అయిపోదు. బరువు చూసుకో, నీ బాడీ, కిట్ లెన్సు కలిపి 670 గ్రాములు, డి750, 24-120 కలిపితే కిలోన్నర పైమాట, పాపను ఒక చేత్తో ఎత్తుకుని ఇంకో చేత్తో ఫోటో తీస్తానని రాసినావు కదా, అది అయిపోయినట్టే.

కొనేదే అనుకుంటే సార్ వస్తువే కదా అని మొహమాటపడి చూడకుండా తేవద్దు. షట్టర్ ఎన్నిసార్లు పడిందో చూడు, ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన లెక్క లక్షా యాభై వేల సార్లు. 2015లో నికాన్ ఈ మోడల్ షట్టర్ గురించి సర్వీస్ నోటీసు ఇచ్చింది, కొన్ని సీరియల్ నంబర్లకు, తర్వాత ఇంకొన్ని కూడా చేర్చింది, నంబరు చూసి రిపేరు అయిందా లేదా అడుగు. ఎఫ్ 16లో తెల్లటి గోడనో ఆకాశాన్నో తీసి దుమ్ము చుక్కలు చూడు, లెన్సు వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూడు. సార్ బాధపడడు, నిజమైన కెమెరా మనిషి ఎవడూ వీటికి బాధపడడు.

మిర్రర్‌లెస్ దారి ఉంది. నీ ఫ్రెండ్ అన్నదాంట్లో నిజముంది, 2020 తర్వాత నికాన్ కొత్త డీఎస్ఎల్ఆర్ ఏదీ తేలేదు, అందరూ అటే పోతున్నారు. దానర్థం నీ చేతిలోది రేపు పనిచేయదని కాదు, ఇప్పుడు డి750 మీద 82 వేలు పెడితే అమ్మేటప్పుడు ధర ఇంకా పడిపోయుంటుందని. ఆ లెక్కన రెండేళ్లు ఆగి నికాన్ మిర్రర్‌లెస్ జెడ్ బాడీకి పోతే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో (పాత లెన్సు తగిలించుకునే రింగు) నీ ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి లెన్సులు ఆటో ఫోకస్‌తో సహా పనిచేస్తాయి, ఇప్పుడు కొన్న 35 కూడా దండగ కాదు. బిల్లు లేని గ్రే మార్కెట్ సరుకు మాత్రం వద్దు. చెడిపోతే ఇండియా వారంటీ ఉండదు, అమ్మేటప్పుడు బిల్లు ఏదని అడుగుతారు, ఇప్పిస్తానన్న ఫ్రెండ్ అప్పుడు ఫోన్ ఎత్తడు.

ఇంక సార్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే నీ ఉత్తరంలో కెమెరా గురించి రెండు పేజీలుంటే ఆయన గురించి నాలుగు ఉన్నాయి. "నాన్న పోయిన రాత్రి బల్ల మీద కూర్చున్న మనిషికి నేను వద్దు అని ఎట్లా చెప్పాలన్నా" అని రాసినావు. అప్పా, ఆ రాత్రికీ ఈ 82 వేలకూ ముడి పెట్టింది సార్ కాదు, నువ్వు. ఆయన కెమెరా అమ్ముతున్నాడు, కొత్తది కొనుక్కోవడానికి డబ్బు కావాలేమో, పాతదానికి ధర పడిపోతోందని ఆయనకూ తెలుసు కదా. తెలిసినవాడి చేతిలో పెడితే బాగా చూసుకుంటాడని కూడా అనుకుని ఉంటాడు. రెండూ నిజం కావచ్చు. ఆయన మోసగాడు అని నేను అనను, ఆయన చెప్పినట్టు వినకపోతే విశ్వాసం లేనివాడివి అవుతావు అని కూడా అనను. నీ ఫోటో ఎందుకు చెడిందో ఆయన తప్పు చెప్పినాడు, అంతవరకే. నాకు నేర్పినాయన కూడా ఎన్నో తప్పులు చెప్పినాడు, 36 ఫోటోల రోల్ కాలంలో మనిషి ముఖం ఎప్పుడూ మధ్యలోనే ఉండాలనేవాడు, ఆ లెక్కన తీసిన మా చెల్లెలి పెళ్లి ఆల్బమ్ చూస్తే అందరూ పాస్‌పోర్ట్ ఫోటోకు కూర్చున్నట్టుంటారు. అయినా ఆయన మీద గౌరవం తగ్గలేదు.

వద్దు అనుకుంటే నేరుగా పోయి చెప్పు, ఫోన్లో వద్దు, గ్రూపు ముందర అసలు వద్దు. "సార్, చీటీ డబ్బు మా ఆవిడది, ఆమెకు షాపు పెట్టాలని ఉంది, ఆమెను అడగకుండా నేను బయానా ఇచ్చినా, తప్పు నాదే" అని చెప్పు. పదివేలు తిరిగివ్వమని అడగడానికి నోరు రాకపోతే ఇంకో మాట ఉంది. "ధర్మవరం పెళ్లికి, ఇంకో పెళ్లికి మీ కెమెరా బాడుగకు ఇవ్వండి, ఆ పదివేలు దానికింద పెట్టుకోండి" అని అడిగి చూడు. నీకు రెండు స్లాట్ల బాడీ దొరుకుతుంది, వాడి చూస్తే అది నీకు సరిపోతుందో లేదో చేతికే తెలుస్తుంది, ఆయనకు డబ్బు ముడుతుంది. ఒక్కటే భయం, బాడుగ అనే మాటకు కొందరు పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, "నీ దగ్గర బాడుగ తీసుకుంటానా" అని పదివేలు మొహాన కొట్టి వారం రోజులు మాట్లాడకుండా ఉండొచ్చు. అట్లా జరిగితే వారం ఆగి, మళ్లీ ఆదివారం టీకి పో. ఈలోపు ఇంకెవరో కొనుక్కుంటారు, అది కూడా జరగొచ్చు, దానికి బాధపడొద్దు, డి750లు ఊర్లో ఇంకా ఉంటాయి.

బయానా సంగతి ఇంట్లో చెప్పాలా అని అడిగినావు. చెప్పాలి, సార్ దగ్గరికి పోకముందే చెప్పాలి. అనంతపురం ఎంతుంది, టీ కొట్టులో తెలిసింది సాయంత్రానికి ఇంటికి వస్తుంది, నీ నోటి నుంచి రాకుండా సార్ భార్య నోటి నుంచి వస్తే అప్పుడు గొడవ పదివేలకు కాదు. ఇంకో లెక్క కూడా ఆమె ముందర పెట్టు. చీటీ పాట పాడి డబ్బు తెచ్చుకున్నారు సరే, ఇంకా 23 వాయిదాలున్నాయి, 1,15,000 దాకా కట్టాలి. చేతిలో ఉన్నది మిగులు డబ్బు కాదు, సగానికి పైగా అప్పు. మిషన్ కొంటే నెలనెలా వస్తుంది, కెమెరా కొంటే రాదు అని గుడ్డిగా నేను చెప్పను, ధర్మవరం వాళ్లు 20 వేలు ఇస్తామంటున్నారు కదా. కానీ ఆ 20 వేలలో ఆల్బమ్ ఖర్చు ఉందా లేదా? అది ముందే తేల్చుకో, కరిజ్మా ఆల్బమ్ నీ నెత్తిన పడితే మిగిలేది చాలా తక్కువ. ఏడాదికి ఎన్ని పెళ్లిళ్లు నిజంగా వస్తాయి, మూఢం నెలల్లో ఏముంటుంది, ఇద్దరూ కాగితం మీద రాసుకోండి. ఆమెకు వచ్చే బ్లౌజుల లెక్క ఆమెకు తెలుసు, నీ లెక్క నీకు తెలియదు, నాకు కనిపించిన తేడా అది.

ఆమె "పోనీలే" అనింది అని రాసి, ఆ మాటకే రాత్రులు నిద్ర పట్టడం లేదన్నావు. అది ఆమె తమ్ముడి పెళ్లి. నీ మీద కోపం లేకపోవచ్చు, ఫోటో లేదని బాధ ఉండొచ్చు, రెండూ వేరు. కొత్త కెమెరా కొంటే ఆ బాధ పోదు, ఆ తలంబ్రాలు మళ్లీ పోయరు కదా.

నా సంగతి ఒకటి చెప్పనా, నవ్వుకో. రోళ్లపాడులో కృష్ణజింకలు, డేగలు తీయాలని రెండు కిలోల 150-600 లెన్సు కొన్నా, ఇంట్లో మూడో వంతు ధర చెప్పినా. నాలుగుసార్లు వాడినా. ఇప్పుడది బీరువాలో సిలికా జెల్ ప్యాకెట్ల మధ్య పట్టుచీరల పక్కన పడుకుంది, మా ఇంట్లో ఆమె చీర తీసుకునేటప్పుడల్లా దాన్ని పక్కకు జరిపి ఒక చూపు చూస్తుంది, ఏమీ అనదు. అసలు ధర ఆమెకు ఎప్పుడో తెలిసిపోయిందని నాకు ఈమధ్యే తెలిసింది.

కాబట్టి నా మొగ్గు అడిగితే 35 ఎంఎం కొను, ఫిల్టర్ విప్పు, ధర్మవరానికి డి750 అడిగి తీసుకుపో, నీ డి5600 మెడలో రెండో కెమెరాగా వేసుకో. పెళ్లే నీ దారి అనిపిస్తే ఏడాది తర్వాత బాడీ కొనుక్కోవచ్చు, అప్పటికి వాయిదాలు కూడా తగ్గుంటాయి. కానీ నువ్వూ ఆమే కూర్చుని లెక్క వేసుకున్నాక డి750ఏ కావాలనిపిస్తే కొనుక్కో, నేను తప్పు అనను, ఐఎస్ఓ 1600 దగ్గర మాత్రం ఆగిపోవద్దు.

ఇవన్నిటికంటే ముందు ఒక పని ఉంది. ఆ పెళ్లి వీడియో తీసిన అతనికి ఫోన్ చెయ్. 4కె లో తీసుంటే ఒక్కో ఫ్రేము 8 మెగాపిక్సెల్, 12×7 అంగుళాల ప్రింట్ చక్కగా వస్తుంది, మామూలు ఫుల్ హెచ్‌డీ అయినా 6×4 సైజుకు సరిపోతుంది. తలంబ్రాల ముక్క ఒరిజినల్ ఫైలు అడిగి తెచ్చుకుని ఫ్రేము ఫ్రేము జరుపుకుంటా చూస్తే చేతులు పైకి లేచి ఒక్క క్షణం ఆగిన చోట నిలకడైనవి నాలుగైదు దొరుకుతాయి. ఎడిట్ అయిపోయినాక హార్డ్ డిస్కులో చోటు లేదని ఒరిజినల్స్ చెరిపేస్తారు వీడియోవాళ్లు, అందుకే సార్ సంగతి ఆదివారానికి పెట్టుకో, ఈ ఫోన్ మాత్రం ఈరోజే చెయ్.